మీకు తెలుసా? ఒడ్డు మారిన మనుషులు, మారని పాట

గ్రీసుకూ టర్కీకీ మధ్య ఉన్న ఏజియన్ సముద్రం కొన్నిచోట్ల ఎంత సన్నగా ఉంటుందంటే, రాత్రిపూట ఈ ఒడ్డున నిలబడితే ఆ ఒడ్డున దీపాలు కనిపిస్తాయి. ఆ రెండు ఒడ్ల మధ్య వందేళ్ళ కిందట పదిహేను లక్షల మందికి పైగా ఇల్లూ వాకిలీ వదులుకుని మారిపోవాల్సి వచ్చింది. 1923 జనవరి 30న స్విట్జర్లాండ్‌లోని లౌసాన్‌లో రెండు దేశాలూ ఒక ఒడంబడిక మీద సంతకాలు పెట్టాయి. కాన్‌స్టాంటినోపుల్ (నేటి ఇస్తాంబుల్) గ్రీకులూ పశ్చిమ థ్రేస్ ముస్లింలూ తప్ప, టర్కీలోని ఆర్థొడాక్స్ క్రైస్తవులు గ్రీసుకు, గ్రీసులోని ముస్లింలు టర్కీకి వెళ్ళితీరాలి. వెళ్ళనంటే కుదరదు. వెళ్ళినవాళ్ళు ప్రభుత్వం అనుమతి లేకుండా తిరిగొచ్చి కాపురం పెట్టడానికీ కుదరదు. దాదాపు 12 లక్షల మంది అటు, సుమారు నాలుగు లక్షల మంది ఇటు. గ్రీసు చేరినవాళ్ళలో ఎక్కువమంది 1922లో రెండు దేశాల మధ్య జరిగిన యుద్ధంలోనే కట్టుబట్టలతో పారిపోయి వచ్చినవాళ్ళు. వాళ్ళకు వెనక్కి వెళ్ళే దారిని ఈ కాగితం మూసేసింది.

టర్కీ వాళ్ళు ఈ మార్పిడిని 'ముబాదెలె' అంటారు. మన 'బదిలీ' పుట్టిన అరబ్బీ ధాతువు నుంచే ఆ మాటా పుట్టింది. ఉద్యోగికి బదిలీ అయితే ఎప్పటికైనా సొంతూరు చేరతానన్న ఆశ ఉంటుంది. వీళ్ళకు అదీ లేకుండా పోయింది. పాలకులు మతం చూసి మనుషుల్ని పంచుకున్నారు. భాషనూ పాటనూ పంచడం మాత్రం వాళ్ళ వల్ల కాలేదు. అందుకే ఈ కథను ఒడంబడికల్లో కన్నా కవిత్వంలో వెతకడమే నాకు న్యాయంగా తోస్తుంది.

ఇద్దరు మహాకవుల పుట్టిన ఊళ్ళు తారుమారయ్యాయి

గ్రీసుకు సాహిత్యంలో మొదటి నోబెల్ తెచ్చిన యోర్గోస్ సెఫెరిస్ 1900లో పుట్టింది నేటి టర్కీలో, ఇజ్మీర్ పక్కనున్న ఉర్లాలో. టర్కిష్ కవితను ప్రపంచమంతా చదివేలా చేసిన నాజిమ్ హిక్మెత్ 1902లో పుట్టింది నేటి గ్రీసులో, థెస్సలోనికిలో. అప్పుడు రెండూ ఒట్టోమన్ సామ్రాజ్యపు ఊళ్ళే. మార్పిడి జాబితాల్లోకి ఎక్కకముందే ఇద్దరి కుటుంబాలూ ఆ ఊళ్ళు వదిలేశాయి. 1963 జూన్‌లో హిక్మెత్ మాస్కోలో ప్రవాసిగా కన్నుమూశాడు. అదే ఏడాది చివర్లో సెఫెరిస్ నోబెల్ అందుకున్నాడు.

టర్కీ ప్రభుత్వం 1951లో హిక్మెత్ పౌరసత్వం లాగేసుకుంది. మళ్ళీ ఇచ్చింది 2009లో, ఆయన పోయిన 46 ఏళ్ళకు. ఈలోగా ఆయన కవితల్ని గ్రీకులోకి తెచ్చింది ఎవరో కాదు, గ్రీసు గర్వించే కవి యానిస్ రిట్సోస్. ఆ అనువాదాలకు గ్రీకు స్వరకర్తలు బాణీలు కట్టారు. అలా థెస్సలోనికి బిడ్డ గ్రీకు పాటై గ్రీసుకు తిరిగొచ్చాడు.

టర్కిష్ తప్ప మరో భాష రాని 'గ్రీకులు', గ్రీకు తప్ప మరో భాష రాని 'టర్కులు'

ఈ కథలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా పట్టి నిలిపేది ఇదే. ఒడంబడిక మొదటి అధికరణంలో భాష ప్రస్తావనే లేదు, ఉన్నది మతం. టర్కీలోని అనటోలియా (ఆసియా మైనర్) నడిబొడ్డున కప్పదోకియా ప్రాంతంలో కరమాన్లీ క్రైస్తవులుండేవారు. ఇంట్లో టర్కిష్, ఏడ్చినా నవ్వినా టర్కిషే. రాసేది మాత్రం గ్రీకు అక్షరాల్లో. తెలుగు మాటను ఉర్దూ లిపిలో రాసినట్టు అనుకోండి. అలాంటి అచ్చు పుస్తకాల చరిత్ర 1584 దాకా వెనక్కి వెళ్తుంది. మా పేరు ఒకటి, మాట ఒకటి, రాత ఒకటి అని తమ స్థితి మీద వాళ్ళే కట్టుకున్న ఒక పద్యం నేటికీ పరిశోధకుల నోట వినిపిస్తుంది. వీళ్ళను 'గ్రీకులు' అని ఓడెక్కించారు. దిగిన రేవులో ఎవరి మాటా వాళ్ళకు అర్థం కాలేదు.

ఇటు క్రీట్ దీవి ముస్లింల సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. వాళ్ళ తల్లిభాష క్రీట్ గ్రీకు. ఆ దీవిలో 'మంతినాద' అనే జానపద పద్యం ఉంది. పదిహేనేసి అక్షరాల రెండు పాదాలు, చివర ప్రాస. పెళ్ళి పందిట్లో, కాఫీ దుకాణంలో ఒకరు ఒకటి విసిరితే ఎదుటివాడు అప్పటికప్పుడు ఇంకొకటి కట్టి బదులివ్వాలి. మన ఆశుకవిత్వం పోటీలు చూసినవారికి ఆ ఊపు తెలుసు. మార్పిడిలో క్రీట్ ముస్లింలు టర్కీ తీరంలోని ఐవలిక్‌లో, దాని పక్కనున్న జుందా దీవిలో దిగారు. గ్రీకులు వదిలి వెళ్ళిన ఇళ్ళలోకి చేరి, గ్రీకులోనే మంతినాదలు పాడుకున్నారు. మసీదులో నమాజు చేసొచ్చిన ముసలాయన గడప మీద కూర్చుని గ్రీకు పద్యం ఎత్తుకుంటే, దాటిపోయే కొత్త పొరుగువాడు ఆగి అనుమానంగా చూసేవాడు.

ఆ అనుమానానికి పేర్లు కూడా పుట్టాయి. టర్కీలో ఇలా వచ్చినవాళ్ళను 'సగం కాఫిర్లు' అన్నారు. గ్రీసులో వచ్చినవాళ్ళను 'టర్కు విత్తనాలు' అన్నారు, 'పెరుగులో బాప్తిస్మం పొందినవాళ్ళు' అని ఎగతాళి చేశారు. రెండు దేశాలూ 'మనవాళ్ళు వస్తున్నారు' అంటూనే రప్పించుకుని, వచ్చాక పెట్టిన పేర్లివి.

నల్లసముద్రం ఒడ్డున ట్రాబ్జోన్ కొండల్లో కొన్ని ముస్లిం పల్లెలవాళ్ళు ముస్లింలు కాబట్టే ఉన్నచోటే ఉండిపోయారు. వాళ్ళు ఈనాటికీ మాట్లాడే 'రొమేయికా' గ్రీకు భాషే. గ్రీసంతా ఎప్పుడో మరిచిపోయిన ప్రాచీన గ్రీకు క్రియారూపం ఒకటి ఆ పల్లెల్లో ఇంకా బతికే ఉందని భాషావేత్తలు గుర్తించారు.

1922 అక్టోబరులో లండన్‌లో ఒక కవిత, కలకత్తాలో ఒక కవిత

గ్రీసు, టర్కీల యుద్ధం ముగింపుకొస్తుండగా, 1922 సెప్టెంబరు 13న స్మిర్నా నగరంలో నిప్పు రేగింది. నేటి ఇజ్మీరే అది. ఎండుద్రాక్షకూ అత్తిపండ్లకూ పేరున్న రేవు. గ్రీకులు, ఆర్మేనియన్లు ఉండే పేటలు రోజుల తరబడి తగలబడ్డాయి. వెనక మంట, ముందు సముద్రం, మధ్యలో రేవుగట్టు మీద లక్షల జనం.

సరిగ్గా మరుసటి నెలలో లండన్ పత్రిక 'ది క్రైటీరియన్' మొదటి సంచికలో టి. ఎస్. ఎలియట్ 'ది వేస్ట్ ల్యాండ్' అచ్చయింది. అందులో యూజెనిడెస్ అనే స్మిర్నా వర్తకుడు ఒక పాత్ర. ఎలియట్ ఆ పంక్తులు మంటలకు ముందే రాశాడు. పాఠకుల చేతికి పత్రిక వచ్చేసరికి ఆ వర్తకుడి ఊరు బూడిద. పద్నాలుగేళ్ళ తర్వాత, 1936లో ఆ కావ్యాన్ని గ్రీకులోకి అనువదించింది స్మిర్నా చెంతనే పుట్టిన సెఫెరిస్. యూజెనిడెస్ పేరు దగ్గరికొచ్చినప్పుడు ఆయన కలం ఆగి ఉంటుందా అని నాకు చాలాసార్లు అనిపించింది.

అదే అక్టోబరులో కలకత్తాలో బెంగాలీ కవి కాజీ నజ్రుల్ ఇస్లాం కవితా సంపుటి 'అగ్నివీణ' వెలువడింది. అందులో 'కామాల్ పాషా' అనే కవిత ఉంది. గ్రీకు సైన్యాన్ని నిలువరించిన ముస్తఫా కెమాల్‌ను సైనిక కవాతు లయలో కీర్తించే పద్యం. బ్రిటిష్ పాలనలో ఉక్కిరిబిక్కిరవుతున్న యువకవికి ఆ గెలుపు సొంత గెలుపులా కనిపించింది. అందులో ఆశ్చర్యం లేదు. కానీ ఆ రెండు కవితల్నీ పక్కపక్కన పెట్టి చదివితేనే ఆ నెల పూర్తిగా అర్థమవుతుంది.

నజ్రుల్ గురించి ఇంకో మాట. 'ఉస్కుదార్‌కు వెళ్తుంటే' అనే ఇస్తాంబుల్ పాట ఉంది. దాని వరస టర్కులది, గ్రీకులది, బల్గేరియన్లది అని బాల్కన్ దేశాలన్నీ వాదించుకుంటాయి. ఆ గొడవ మీద 2003లో ఒక డాక్యుమెంటరీ కూడా వచ్చింది. అదే వరసలో నజ్రుల్ బెంగాలీ పాటలు కట్టాడు.

విపత్తుకు ముందే రాసిన కవిత

అలెగ్జాండ్రియాలో ఉండే గ్రీకు కవి కవాఫీ పూర్వీకులది కాన్‌స్టాంటినోపుల్. ఆయన 1922లో ఒక చిన్న కవిత అచ్చు వేశాడు. రెండువేల ఏళ్ళ కిందట రోమన్ల చేతిలో ఓడిన గ్రీకు కూటమి వీరుల మీద రాసిన స్మృతిపద్యం అది. గ్రీకు సైన్యం అనటోలియాలో కూలిపోవడానికి కొద్దినెలల ముందే అది వచ్చింది. పాతకాలం ముసుగులో ఉన్న ఆ పద్యాన్ని కళ్ళముందున్న కాలంతో కలిపి చదివాకే కవాఫీ తనకు అర్థమయ్యాడని సెఫెరిస్ తర్వాత వ్యాసంలో రాశాడు. తారీఖు చూడకుండా కవిత చదవకూడదని నేను నేర్చుకున్నది ఇక్కడే.

సొంత ఊరికి విదేశీ అధికారిగా

సెఫెరిస్‌కు పద్నాలుగేళ్ళప్పుడు, 1914లో, కుటుంబం ఏథెన్స్‌కు వచ్చేసింది. స్మిర్నా కాలుతున్నప్పుడు ఆయన పారిస్‌లో న్యాయశాస్త్రం చదువుతున్నాడు. చిన్ననాటి ఊరు పోయిందన్న కబురు దూరదేశంలో వినడం, ఏడవడానికి చుట్టూ ఆ ఊరివాళ్ళెవరూ లేకపోవడం! అప్పుడు పడిన ముద్ర ఆయన కవిత్వంలో చివరిదాకా కనిపిస్తుంది. 1935లో వచ్చిన 'మిథిస్టోరిమా' 24 ఖండికల కావ్యం, 'ఒడిస్సీ'కి ఉన్నన్ని భాగాలే. పురాణ నావికులు అందులో తిరుగుతూనే ఉంటారు, చేరుకోరు. ఆ నావికుల వెనక 1922 నాటి కాందిశీకులు నిలబడి ఉన్నారని గ్రీకు పాఠకుడికి వేరే చెప్పనక్కర్లేదు.

ఆయన వృత్తిరీత్యా దౌత్యవేత్త. 1948 నుంచి అంకారాలోని గ్రీకు రాయబార కార్యాలయంలో పనిచేశాడు. 1950లో ఇజ్మీర్ వెళ్ళి చిన్నప్పటి వీధుల్లో నడిచాడు. పుట్టిన ఊరు చూడ్డానికి విదేశీ ప్రభుత్వ ప్రతినిధిగా వెళ్ళాల్సి రావడం ఎంత బరువో ఆయన దినచర్య పుస్తకాల్లో కనిపిస్తుంది.

పాటల కోసం వెళ్ళి ఊళ్ళనే రాసుకొచ్చినవాళ్ళు

1930లో మెల్పో మెర్లియే అనే సంగీత పరిశోధకురాలు గ్రీసులో జానపద గీతాలు రికార్డు చేయించడం మొదలుపెట్టింది. కాందిశీకుల పేటలకు వెళ్తే అక్కడివాళ్ళు పాటతో ఆగలేదు. ఈ పాట మా ఊళ్ళో ఫలానా పండుగకు పాడేవాళ్ళం, ఊరి బావి ఫలానాచోట ఉండేది, బయల్దేరిన రోజు ఇలా జరిగింది అంటూ ఊరినంతా నోటితో కట్టి చూపించారు. ఆ పని పెరిగి ఏథెన్స్‌లో ఆసియా మైనర్ అధ్యయన కేంద్రం అయింది. దశాబ్దాల పాటు దాదాపు 5,000 మంది కాందిశీకుల మాటలు లక్షా నలభై వేలకు పైగా చేతిరాత పుటల్లో భద్రపరిచారు. ఒక పాట పట్టుకుని వెళ్తే ఒక లోకం దొరికింది.

'అమాన్' అన్న మాటకు రెండు దేశాల్లోనూ కష్టకాలం

ఏథెన్స్‌లో వసతి చాలక కాందిశీకుల్ని నగర నాటకశాలలో ఉంచారు. ప్రేక్షకులు కూర్చునే ఒక్కో బాక్సులో ఒక్కో కుటుంబం. రెయిలింగ్‌కు ఆరేసిన బట్టలున్న ఆ ఫొటో ఒకసారి చూస్తే మరిచిపోలేం. 1928 జనాభా లెక్కల నాటికి గ్రీసులో ప్రతి ఐదుగురిలో ఒకరు కాందిశీకులే.

వాళ్ళ వెంట స్మిర్నా పాట వచ్చింది. 'అమాన్, అమాన్' అని రాగం తీస్తూ సాగే 'అమానెస్'. అభయం, కరుణ అని అర్థం వచ్చే అరబ్బీ మాట అది. హైదరాబాదు ఉర్దూలో వినిపించే 'అమన్' దానికి దగ్గరి చుట్టమే. రోజా ఎస్కెనాజీ గొంతులో ఆ పాటలు గ్రీకులోనూ టర్కిష్‌లోనూ రికార్డులకెక్కాయి. ఆమె పుట్టుకతో యూదురాలు, కాన్‌స్టాంటినోపుల్ ఆడబిడ్డ. ఆ సంప్రదాయం కలిసి పెరిగిన 'రెబెతికో' సంగీతం 2017లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది.

మధ్యలో జరిగింది వినండి. టర్కీలో 1934లో రేడియోలో పాతతరం ఒట్టోమన్ సంగీతాన్ని ఆపేశారు, అది పాశ్చాత్యం కాదని. గ్రీసులో మెటాక్సస్ నియంతృత్వం 1937లో అమానెస్ పాటల మీద కత్తెర వేసింది, అవి టర్కీవని. రెండు ప్రభుత్వాలకూ ఒకే రాగం పరాయిదై కూర్చుంది. నిషేధాలు పోయాయి. రాగం ఉంది.

డెబ్భై ఏళ్ళు దాచిన సారె

అనటోలియాలో దెనిజ్లీ దగ్గర హోనాజ్ అనే ఊరు. 1920లలో ఊరు విడిచిపెడుతున్న ఒక గ్రీకు కుటుంబం తమ ఆడపిల్లల పెళ్ళి సారెను పొరుగింటి టర్కిష్ కుటుంబానికి అప్పగించింది, తిరిగొచ్చినప్పుడు తీసుకుంటామని. తిరిగి రాలేదు. పొరుగింటివాళ్ళు ఆ సారెను వాడుకోలేదు, అమ్ముకోలేదు. ఆ ఇంటి మనవడే కవి, రచయిత కెమాల్ యల్చిన్. సారెను సొంతదారులకు చేర్చమని తండ్రి చెబితే గ్రీసు వెళ్ళి, ఊరూరా కాందిశీకుల్ని కలుస్తూ, చివరకు ఆ కుటుంబాన్ని కనుక్కున్నాడు. 1998లో వచ్చిన ఆయన పుస్తకం పేరు 'ఎమానెత్ చెయిజ్'. ఎమానెత్ అంటే మన పాత దస్తావేజుల్లోని 'అమానతు'. చెయిజ్ అంటే ఉర్దూలోని 'జహేజ్'. అమానతుగా ఉంచిన సారె అన్నమాట. తెలుగు పాఠకుడికి నిఘంటువు లేకుండానే తెలిసిపోయే పేరు.

టర్కీలో ఈ వలస మీద చాలాకాలం పెద్దగా ఎవరూ రాయలేదు. గ్రీసుకు ఇది మహావిపత్తు, టర్కీకి స్వాతంత్ర్య యుద్ధ విజయం. గెలిచిన ఇంట్లో ఏడుపు వినిపించకూడదు కదా. మార్పిడిలో వచ్చినవారి వారసులు ఇస్తాంబుల్‌లో తమ సొంత సంస్థను పెట్టుకున్నది 2001లో.

యాభై ఏళ్ళకు పాటల పండుగ

1972లో, స్మిర్నా పోయిన యాభయ్యో ఏట, అపోస్తొలోస్ కల్దారాస్ స్వరాలు, పిథాగొరాస్ సాహిత్యంతో 'మిక్రా ఆసియా' (ఆసియా మైనర్) ఆల్బమ్ వచ్చింది. పాడింది యోర్గోస్ దలారాస్, హారిస్ అలెక్సియూ. గ్రీసులో ఆ పాటలు రానివాళ్ళు అరుదు. సెఫెరిస్ కవితలకు బాణీలు కట్టిన మికిస్ తియొదొరాకిస్ తల్లి కూడా ఎదుటి ఒడ్డునున్న చెష్మే ఊరి నుంచి వచ్చినావిడే. 1971లో సెఫెరిస్ అంతిమయాత్రలో సైనిక పాలనను ధిక్కరిస్తూ జనం గొంతెత్తి పాడింది తియొదొరాకిస్ బాణీ కట్టిన సెఫెరిస్ కవితనే.

అంబేడ్కర్ ఈ మార్పిడిని ఉదహరించారు

1940లో వచ్చిన 'థాట్స్ ఆన్ పాకిస్తాన్'లో డాక్టర్ అంబేడ్కర్ గ్రీసు, టర్కీ, బల్గేరియాల జనాభా మార్పిడిని చర్చించారు. విభజన తప్పకపోతే అల్పసంఖ్యాకుల్ని పద్ధతిగా మార్చుకోవడమే మేలని వాదించారు. ఏడేళ్ళ తర్వాత మన దగ్గర ఏ పద్ధతీ లేకుండానే అంతకు ఎన్నో రెట్ల జనం సరిహద్దు దాటారు. లౌసాన్ ఒడంబడిక మనకు దూరపు సంగతి అనుకునేవారు ఆ పుస్తకంలోని ఆ పుటలు తెరిచి చూడాలి.

కవిత రాసిన ప్రధాని, సగం దేశపు కవయిత్రి

టర్కీ ప్రధానిగా చేసిన బులెంత్ ఎజెవిత్ కవి. 1941లో టాగోర్ 'గీతాంజలి'ని టర్కిష్‌లోకి తెచ్చినవాడు. 1947లో లండన్‌లో ఉద్యోగం చేస్తూ టర్కులూ గ్రీకులూ అన్నదమ్ములని కవిత రాశాడు. 1974లో సైప్రస్ మీదికి సైన్యాన్ని పంపిందీ ఆయన ప్రభుత్వమే. దానికి ముందు గ్రీసు సైనిక పాలకుల అండతో అక్కడ తిరుగుబాటు జరిగిన మాట నిజమే. ఫలితం మాత్రం పాతదే. లక్షన్నరకు పైగా గ్రీకు సైప్రియట్లు దక్షిణానికి, పదుల వేల టర్కిష్ సైప్రియట్లు ఉత్తరానికి. ఒక మనిషి కలమూ ఆజ్ఞా ఇంత ఎడమెడంగా ఉండటం నాకు బాధగా ఉంటుంది, కానీ ఆ కవితను అబద్ధమని కొట్టేయలేను.

ఆ దీవిలోనే 1959లో పుట్టిన టర్కిష్ సైప్రియట్ కవయిత్రి నెషె యాషిన్. రెండు ముక్కలైన దేశంలో ఏ ముక్కను ప్రేమించాలని పెద్దల్ని అడిగే చిన్న కవిత పడుచు వయసులో రాసింది. దానికి గ్రీకు సైప్రియట్ స్వరకర్త మారియోస్ తోకాస్ బాణీ కట్టాడు. ముళ్ళకంచెకు రెండువైపులా ఆ పాట తెలుసు.

సెఫెరిస్, హిక్మెత్ ఇద్దరి కవితలూ ఇంగ్లీషు అనువాదాల్లో దొరుకుతాయి. ఒక సాయంత్రం తీరిక చేసుకుని ఒకరి తర్వాత ఒకరిని చదవండి. అనువాదం చేసే ఓపికా భాషా ఉన్న మిత్రులకు నాదొక విన్నపం. ఆ ఇద్దరినీ ఒకే అట్టల మధ్య తెలుగులోకి తీసుకురండి.